ఐదో అంతస్తు పిల్లికూనలకూ నులిపురుగుల మందు తప్పదు

ప్రశ్న: మేము బెంగళూరు మారతహళ్లిలో ఐదో అంతస్తు ఫ్లాటులో ఉంటున్నాం. సెల్లారులో ఈనిన పిల్లి తాలూకు కూనలు రెండింటిని మా అమ్మాయి పట్టుబట్టి తెచ్చుకుంది. వాటికి సుమారు రెండు నెలలుంటాయి. గడప దాటనివ్వం కనుక నులిపురుగుల మందు, టీకాలు అక్కర్లేదని మావారు అంటున్నారు. మా కుక్కకు వీపు మీద వేసే గోమార్ల చుక్కల మందు మిగిలి ఉంది; అదే కొద్దిగా వేయవచ్చా? ఇంట్లో కోడలు గర్భవతి కూడా. - ఒక పాఠకురాలు

జవాబు: ముందుగా ఆ చుక్కల మందును కూనల దరిదాపులకు రానివ్వకండి. కుక్కల కోసం తయారైన ఇటువంటి మందులు కొన్నింటిలో పెర్మెత్రిన్ ఉంటుంది. దానిని విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలదు కనుక వణుకు, మూర్ఛలు వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. మోతాదు తగ్గించినా ఆ ప్రమాదం పోదు. కుక్కకు వేసిన రెండు మూడు రోజుల వరకు కూనలు దాని పక్కన పడుకోకుండా చూడాలి, లేదా పెర్మెత్రిన్ లేని మందుకు మారాలి.

ఇక మీవారి మాట. పిల్లికూనలకు ఏలికపాములు చాలా వరకు తల్లిపాల ద్వారానే వస్తాయి. తల్లి కండరాల్లో దాగి ఉన్న పిల్ల పురుగులు ఆమె పాలిచ్చే రోజుల్లో కదిలి పాలలోకి చేరతాయి. అంటే కూనలు మీ గడప తొక్కకముందే పురుగులు వాటి కడుపులో ఉండవచ్చు. అందుకే మూడో వారం నుంచి ఎనిమిదో వారం వరకు రెండు వారాలకొకసారి, ఆపైన ఆరు నెలలు నిండే దాకా నెలకొకసారి మందు పడుతుంది. మీ కూనలకు ఇప్పుడొకసారి, రెండు వారాలకు మరోసారి వేయించి నెలవారీకి మారండి. పైరాంటెల్ గాని, ఫెన్‌బెండజోల్ గాని బరువును బట్టి డాక్టరు నిర్ణయిస్తారు. వంటింటి త్రాసు మీద తూచి ఆ బరువు రాసుకుని వెళితే మంచిది.

పైరాంటెల్‌కు బద్దెపురుగులు చావవు, వాటికి ప్రాజిక్వాంటెల్ కావాలి. తోక కింద ఎండిన బియ్యపు గింజల్లాంటివి అంటుకుని ఉంటే అవి బద్దెపురుగు తునకలే. జూలులో గెంతుతూ రక్తం తాగే చిన్న పురుగులైన ఫ్లీలను కూన నాకి మింగడం వల్ల ఇవి వస్తాయి, కాబట్టి ఫ్లీలు పోనంతకాలం మందు వేసినా మళ్లీ వస్తూనే ఉంటాయి. షికారుకు వెళ్లివచ్చే మీ కుక్కే వాటిని ఇంట్లోకి తేగలదు. బెంగళూరు వాతావరణం ఏడాది పొడవునా వాటికి అనుకూలమే. పేన్ల దువ్వెనతో జూలు దువ్వి, రాలిన నల్లటి నలుసులను తడి తెల్లగుడ్డ మీద వేయండి. చుట్టూ ఎర్రటి చాయ దిగితే అది ఫ్లీలు తాగి విసర్జించిన రక్తం. గుడ్లు పక్కబట్టల్లోకి, సోఫా సందుల్లోకి రాలతాయి కనుక బట్టలను వేడినీళ్లతో ఉతికి, మూలమూలలా వాక్యూమ్ చేసి, ఇంట్లోని జంతువులన్నింటికీ ఒకేసారి వాటివాటికి తగిన మందు వేయించాలి. కర్పూరం కలిపిన కొబ్బరినూనె రాయమని పెద్దలు చెబుతారు గాని, పిల్లి ఒళ్లు నాకక మానదు, కర్పూరం దానికి విషం.

టీకాల విషయంలోనూ అంతస్తు అడ్డుకాదు. పిల్లులకు ప్రాణాంతకమైన పాన్‌ల్యూకోపీనియా జబ్బు వైరస్ నెలల తరబడి బతికి, చెప్పుల ద్వారా కూడా ఇంట్లోకి వస్తుంది. ఎనిమిది వారాలకు మొదటి టీకా, పదహారు వారాలు నిండే దాకా మూడు నాలుగు వారాలకొకసారి బూస్టరు, పన్నెండు వారాలు దాటాక రేబిస్ టీకా వేయించండి. ఆవుపాలు మానిపించండి, విరేచనాలవుతాయి. చిగుళ్లు పాలిపోయినా, ఒక పూట తిండి ముట్టకపోయినా ఆగకుండా హెబ్బాళ పశువైద్య కళాశాల ఆసుపత్రికో, దగ్గరలోని డాక్టరు వద్దకో తీసుకెళ్లండి.

కోడలి కోసం కూనలను వదిలేయనక్కర్లేదు. పిల్లి మలంలో వచ్చే, కడుపులోని బిడ్డకు హాని చేయగల టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవి అంటుకునే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది కనుక మలం ట్రేను ప్రతిరోజూ శుభ్రం చేయాలి, అదీ ఆమె కాకుండా మరొకరు చేయాలి. కూనలకు పచ్చిమాంసం పెట్టకండి. కోడలు కూడా సరిగా ఉడకని మాంసం తినకుండా, మొక్కల కుండీల మట్టిని వట్టి చేతులతో తాకకుండా జాగ్రత్తపడాలి.