సూర్యుడు నా వీపు వైపే ఉన్నాడు

ఆటస్థలం: పాఠకుల ప్రశ్నలకు రిటైర్డ్ పీఈటీ మాస్టారి జవాబులు

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. నేను పర్లాకిమిడిలో డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకి కెప్టెన్‌ని, మిడ్‌ఫీల్డ్‌లో ఆడతాను. పోయిన నెల బరంపురంలో కాలేజీల మధ్య జరిగిన పోటీ ఫైనల్లో 3–1తో ఓడిపోయాం. హాఫ్ టైమ్‌కి మేమే 1–0తో ముందున్నాం. మా బస్సు దారిలో చెడిపోయి, ఆటకి అరగంట ముందు చేరాం. మైదానం ఒక గోల్ వైపుకి వాలుగా ఉంది. టాస్ మేమే గెలిచాం కానీ రెండో సగంలో ఎగువకి ఆడాల్సి వచ్చి కాళ్ళు పడిపోయాయి. మా మంచి ఫార్వర్డ్‌కి ఆ రోజే ప్రాక్టికల్స్, రాలేకపోయాడు. 60వ నిమిషంలో రిఫరీ ఇచ్చిన పెనాల్టీ అన్యాయం, బంతి మా డిఫెండర్ భుజానికి తగిలింది. ఇవన్నీ చెబితే మా సారు "సాకులు చెప్పకండిరా" అని కసిరారు. జరిగింది జరిగినట్టు చెబితే సాకు ఎలా అవుతుంది? ఇంకొకటి. 78వ నిమిషంలో బంతి నా దగ్గరే పోయింది, రెండో గోల్ పడింది. అప్పట్నుంచి ప్రాక్టీస్‌లో కూడా బంతి కాలికి రాగానే టెన్షన్. ఎవరికో ఒకరికి ఇచ్చేస్తే చాలనిపిస్తోంది. మార్చిలో మళ్ళీ టోర్నమెంట్ ఉంది. నా ఆత్మవిశ్వాసం ఎలా తిరిగొస్తుంది?
– ఒక కెప్టెన్, పర్లాకిమిడి

జవాబు: బాబూ, నీ ఉత్తరం నాలుగు పేజీలు. ఇక్కడ కుదించి వేశాం. రిఫరీ గురించి పేజీన్నర రాశావు, బస్సు గురించి అరపేజీ. 78వ నిమిషం గురించి మాత్రం రెండే వాక్యాలు. నా కన్ను ఆ రెండు వాక్యాల దగ్గరే ఆగిపోయింది.

నువ్వు చెప్పినవన్నీ నిజాలేనని నమ్ముతున్నాను. గంటల తరబడి బస్సులో ముడుచుకుని కూర్చుని, దిగీదిగగానే బూట్లు కట్టుకుంటే పిక్కలు పట్టేస్తాయి. భుజానికి తగిలితే హ్యాండ్‌బాల్ కాదన్నదీ నిజమే, చంక కింది హద్దు నుంచే నియమాల్లో చెయ్యి లెక్క మొదలవుతుంది. నువ్వు చూసింది సరైనదైతే మీకు అన్యాయం జరిగింది. మీ సారు ఆ ఒక్క మాట ముందు ఒప్పుకుని ఉంటే బాగుండేది.

కానీ ఆ వాలు సంగతి ఒకసారి చూడు. రెండో సగంలో ఎగువకి ఆడారంటే మొదటి సగంలో దిగువకి ఆడినట్టే కదా. మీ గోల్ పడింది అప్పుడే. ఆ గోల్‌లో వాలుకి కూడా వాటా ఉందని మీ పదకొండు మందిలో ఒక్కరైనా అన్నారా? గోల్ పడినప్పుడు అది మన కాలి పని, గోల్ తిన్నప్పుడు అది నేల పని. 1980లో లావ్, రసెల్ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు పత్రికల్లో క్రీడా పేజీలు ముందేసుకుని, బేస్‌బాల్, అమెరికన్ ఫుట్‌బాల్ ఆటల తర్వాత ఆటగాళ్ళూ కోచ్‌లూ చెప్పిన కారణాలన్నీ ఏరి చూశారు. గెలిచినవాళ్ళు తమలోని కారణాలు చెప్పినంతగా ఓడినవాళ్ళు చెప్పలేదు. అంటే ఇది మీ ఒక్క జట్టు బుద్ధి కాదు, మనిషి బుద్ధే అంత. దానికి సిగ్గుపడక్కర్లేదు, కనిపెట్టి ఉండాలి.

ఇంకా ముఖ్యమైన సంగతి, టాస్ గెలిచింది నువ్వు. సెరంగో వైపు కొండ ఊళ్ళలో నేను చాలా ఏళ్ళు పిల్లల్ని ఆడించాను. అక్కడ చదునైన పడియా, అంటే మైదానం, దొరకడమే గగనం. ఆ సవర పిల్లలు టాస్ గెలిస్తే ముందు ఎగువకి ఆడేవాళ్ళు, కాళ్ళలో బలం ఉన్నప్పుడే ఎక్కేసి, అలిసిపోయాక దిగువకి దిగేవాళ్ళు. మైదానం వాలుగా ఉందని వాళ్ళ నోట ఎప్పుడూ వినలేదు. వాళ్ళకి అది ఆటలో భాగం. నువ్వు అరగంట ముందు చేరావు కదా, ఆ అరగంటలో ఒక్క నిమిషం మైదానం మధ్య నిలబడి బంతి వదిలి చూసి ఉంటే ఎటు దొర్లుతుందో తెలిసిపోయేది.

నీ తప్పు పట్టుకోవడానికి ఇదంతా చెప్పడం లేదు. నేనూ ఇలాంటి మాటే ఒకటి పదకొండేళ్ళు మోశాను, అందుకే చెబుతున్నాను.

1984లో నేను మా కాలేజీకి గోల్‌కీపర్‌ని. ఫైనల్, సాయంత్రం నాలుగు దాటింది, స్కోరు 0–0. ఎడమ పక్క నుంచి కార్నర్ కొట్టారు. బంతి ఎత్తుగా లేచి సరిగ్గా ఆరు గజాల గీత మీదికి దిగుతోంది. అది గోల్‌కీపర్ బంతి. ముందుకొచ్చి రెండు చేతులతో అందుకోవాల్సిన బంతి. నేను కదల్లేదు. వాళ్ళ సెంటర్ ఫార్వర్డ్ నా కళ్ళముందే లేచి హెడ్ చేశాడు. ఓడిపోయాం. మా మాస్టారు వచ్చి "ఏటైందిరా?" అన్నారు. "కంట్లో ఎండ పడింది సార్" అన్నాను. ఎలా వచ్చిందో ఆ మాట, అలా వచ్చేసింది. ఆయన నా భుజం తట్టి వెళ్ళిపోయారు.

ఆ తర్వాత ఎవరడిగినా అదే చెప్పాను. చెప్పగా చెప్పగా నాకే నిజమైపోయింది. 1995లో టెక్కలిలో ఒక పెళ్ళిలో మా పాత సెంటర్ హాఫ్ కలిశాడు. భోజనాల దగ్గర ఆ ఆట మాటొచ్చింది. నేను ఎండ మాట ఎత్తాను. వాడు విస్తట్లోంచి తలెత్తి, నెమ్మదిగా అన్నాడు: "ఎండేటిరా? నువ్వున్నది పడమటి గోల్‌లో. సూర్యుడు నీ వీపు వైపే ఉన్నాడు."

నా చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. నిజమేంటంటే, ఆ ఫైనల్‌కి రెండు వారాల ముందు ప్రాక్టీస్‌లో బంతి కోసం లేస్తే ఒకడి మోకాలు వచ్చి నా దవడకి తగిలింది. నోట్లోంచి రక్తం కారింది. అప్పట్నుంచి గుంపులోకి దూకాలంటే భయం. ఆ సాయంత్రం నన్ను పట్టుకున్నది ఆ భయం. 'భయమేసింది సార్' అని చెప్పి ఉంటే మా మాస్టారు మర్నాడు పొద్దున్నే నన్ను నిలబెట్టి, ఇద్దరు ముగ్గుర్ని చుట్టూ పెట్టి, ఎత్తు బంతులు వేసి ఆ భయం వదిలించేవారు. ఆయన అలాంటి మనిషి. నేను ఎండ అన్నాను. ఎండకి ఆయన మాత్రం ఏం చెయ్యగలరు? మరో రెండేళ్ళు ఆడాను, ఒక్క ఎత్తు బంతికీ ధైర్యంగా వెళ్ళలేదు.

సారు సాకు అంటే దాని అర్థం అబద్ధం అని కాదు బాబూ. నీకు సాయం చెయ్యగలిగిన మనిషికి నువ్వు చేసే అడ్డు. అది నిజమైనా అడ్డే. నువ్వు రిఫరీ గురించి పేజీన్నర చెబుతుంటే మీ సారుకి 78వ నిమిషం కనిపించదు.

ఓటమికి నిజమైన కారణం చెప్పడం తప్పు కాదని కూడా చెప్పాలి. 1952లో హెల్సింకి ఒలింపిక్స్‌లో మన దేశం యుగోస్లావియా చేతిలో 10–1తో ఓడింది. మనవాళ్ళలో చాలామంది వట్టికాళ్ళతో ఆడారు. అదీ ఒక కారణమే. అయితే దాన్ని చెప్పుకుని ఊరుకోలేదు, ఆ ఓటమి తర్వాత మన ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది. నాలుగేళ్ళకి మెల్‌బోర్న్‌లో అదే భారత జట్టు సెమీఫైనల్ దాకా వెళ్ళి నాలుగో స్థానంలో నిలిచింది. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్, హైదరాబాద్‌లో బడిపంతులుగా పనిచేసిన మనిషి. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో ఆయన జట్టు మొదటి ఆటే దక్షిణ కొరియాకి 2–0తో ఓడిపోయింది. తర్వాత మన డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. ఫైనల్ రోజున స్టేడియం నిండా మనకి ఎదురుగా అరుస్తున్న జనం. ఓడిపోతే చెప్పుకోవడానికి కావలసినన్ని కారణాలు సిద్ధంగా ఉన్నాయి, అన్నీ నిజమైనవే. రహీమ్ ఆ కుట్ల తల జర్నైల్‌ని డిఫెన్స్‌లోంచి తీసి ఫార్వర్డ్‌లో ఆడించారు. ఫైనల్లో అదే కొరియా మీద పి.కె. బెనర్జీ ఒక గోల్, జర్నైల్ ఒక గోల్ కొట్టారు. 2–1తో బంగారు పతకం. ఈ కథ ఎన్నిసార్లు చెప్పినా నా ఒళ్ళు పులకరిస్తుంది.

ఇక నీ ఆట. పెనాల్టీ 60వ నిమిషంలో, రెండో గోల్ 78లో. మధ్యలో పద్దెనిమిది నిమిషాలు ఉన్నాయి, స్కోరు 1–1. ఆ సమయంలో ఏం జరిగిందో నాలుగు పేజీల్లో ఒక్క ముక్క లేదు, నీకు ఎల్లో కార్డు వచ్చిందన్నది తప్ప. నాకు కనిపిస్తున్నది ఇది: పెనాల్టీ పడ్డాక మీరు బరంపురం జట్టుతో ఆడటం మానేసి రిఫరీతో ఆడారు. కెప్టెన్ అరుస్తుంటే మిగతా పదిమందీ అరుస్తారు. నేను పొరబడి ఉండొచ్చు. ఎవరైనా ఫోన్‌లో వీడియో తీసి ఉంటే ఆ పద్దెనిమిది నిమిషాలు నువ్వు ఒక్కడివే కూర్చుని చూడు.

తర్వాత ఒక ఆదివారం జట్టునంతా కూర్చోబెట్టు. ఒక్కొక్కరూ 'నేను' అని మొదలుపెట్టి ఒకే ఒక్క వాక్యం చెప్పాలి. అందరూ చెప్పేదాకా రిఫరీ, బస్సు, వాలు మాట ఎత్తకూడదు. ముందు నువ్వు చెప్పు, 78వ నిమిషం గురించే చెప్పు. మీ సారుని కూడా పిలువు. ఎవరి వాక్యం మీదా ఎవరూ వ్యాఖ్యానించకూడదు, అది మాత్రం గట్టిగా పట్టుకో, లేకపోతే పంచాయితీ అయిపోతుంది.

ఆత్మవిశ్వాసం ఎలా తిరిగొస్తుందని అడిగావు. 'నేను గొప్పవాణ్ణి' అని అద్దం ముందు అనుకుంటే రాదు. ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1977లోనే చెప్పాడు, ఒక పని చెయ్యగలనన్న నమ్మకానికి అన్నిటికంటే బలమైన ఆధారం ఆ పనిని మనమే చేసి చూసుకోవడమని. కాబట్టి పని చూద్దాం. మిడ్‌ఫీల్డ్‌లో బంతి ఎక్కువగా పోయేది కాలి తప్పు వల్ల కాదు, వెనక ఎవరున్నారో తెలియక. బంతి నీ వైపు వస్తుండగానే భుజం మీదుగా ఒకసారి వెనక్కి చూశావా ఆ రోజు? రోజూ ప్రాక్టీస్ అయ్యాక ఇద్దర్ని ఉంచుకో. ఒకడు పదిహేను అడుగుల నుంచి పాస్ ఇవ్వాలి. రెండోవాడు నీ వెనక నిలబడి ఎడమ చెయ్యో కుడి చెయ్యో ఎత్తాలి, నోటితో చెప్పకూడదు. నువ్వు బంతి అందేలోగా వెనక్కి చూసి, వాడు చెయ్యెత్తిన పక్కకి కాకుండా రెండో పక్కకి తిరగాలి. నలభై బంతులు. ఎన్నిసార్లు చూశావో, ఎన్నిసార్లు సరిగ్గా తిరిగావో నోట్‌బుక్‌లో రాసుకో. మొదటి రోజు పన్నెండో పదిహేనో వస్తాయి, బాధపడకు. పది రోజులయ్యాక వెనక నిలబడ్డవాణ్ణి బంతి లాక్కోమను.

మార్చిలో మ్యాచ్‌కి ముందు రాత్రి టెన్షన్ వస్తే ఆ నోట్‌బుక్ తీసి అంకెలు చూసుకో. ఫలితం ఏదైనా నాకు ఉత్తరం రాయి, ఈసారి 'నేను' అని మొదలుపెట్టి.

ప్రశ్న: మాస్టారూ, మా చిన్నోడు జిల్లా స్థాయి ఆటలో ఓడి ఇంటికొచ్చి రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఏడుస్తుంటే చూడలేక "పోనీలేరా, రిఫరీ మోసం చేశాడు" అన్నాం. అలా అనడం తప్పా?
– ఒక తల్లి, కాశీనగరం

జవాబు: అమ్మా, మీరు కన్నతల్లి, ఆ మాట ప్రేమతో అన్నారు. కానీ ఆ ఆట మీరు చూడలేదు కదా. మనం చూడని మోసం పిల్లాడి నోటికి అందిస్తే వాడు దాన్నే పట్టుకుంటాడు. మొదటి రోజు కారణాలేమీ వద్దు. పక్కన కూర్చోండి, ఏడవనివ్వండి, పఖాళో (చద్దన్నమో) పెరుగన్నమో వాడికి ఇష్టమైనది కలిపి పెట్టండి. మూడో రోజు "ఏ బంతి దగ్గర బాధేసిందిరా?" అని అడగండి. చెబుతాడు. విని ఊరుకోండి.

ప్రశ్న: మా అమ్మాయిల జట్టులో ఒకామె ప్రతి పెద్ద ఆటకీ ముందు రోజు "మోకాలు నొప్పి" అంటుంది. గెలిస్తే నొప్పితో ఆడి గెలిచానంటుంది, ఓడితే నొప్పి వల్లే అంటుంది. మాకు కోపం వస్తోంది. ఏం చెయ్యాలి?
– డిగ్రీ విద్యార్థిని, గుణుపురం

జవాబు: తల్లీ, ఓడిపోతామన్న భయంతో ముందుగానే ఒక కారణం సిద్ధం చేసి పెట్టుకోవడం చాలామందిలో ఉంది. 1978లో బెర్గ్‌లాస్, జోన్స్ అనే పరిశోధకులు ప్రయోగం చేసి మరీ చూపించారు. కానీ నువ్వు ముందు అటు ఆలోచించకు. ఫుట్‌బాల్ ఆడే ఆడపిల్లలకి మోకాలి లోపలి లిగమెంట్ తెగే ప్రమాదం మగపిల్లలకంటే ఎక్కువ. పరుగెత్తుతూ ఒక్కసారిగా తిరిగినప్పుడు మోకాలు జారినట్టు అనిపిస్తోందా, ఆట తర్వాత వాపు వస్తోందా అని మెల్లగా అడుగు. నలుగురిలో అడగొద్దు. ఆ రెంటిలో ఏదున్నా డాక్టరు చూసేదాకా ఆడనివ్వకండి. ఏమీ లేదని డాక్టరు చెబితే, ఆమెకి పెద్ద ఆటలంటే భయమని అర్థం. అప్పుడు కూడా కోపం వద్దు, పై కెప్టెన్‌కి రాసింది ఆమె చేత చదివించు. ముందు మాత్రం ఎముకల డాక్టరు ఏ రోజున ఉంటారో కనుక్కో, నువ్వే తోడు వెళ్ళు.