‘వేలం’ దొరికింది, ‘వేలానికి’ దొరకలేదు

సందేహం: మాది ఒంగోలులో పొగాకు కొనుగోలు ఆఫీసు. కొండపి, టంగుటూరు, కనిగిరి నుంచి తెలుగులో వచ్చే మెయిళ్లలో ‘వేలం’ అన్న మాట ఎక్కడున్నా పసుపు రంగు పడేలా అవుట్‌లుక్‌లో మాక్రో (ఆ పని తనంతట తానే చేసే చిన్న ప్రోగ్రాం) పెట్టుకున్నాం. ‘వేలంలో’ దొరుకుతోంది, ‘వేలానికి’ దొరకడం లేదు. అందరినీ ‘వేలంకి’ అని రాయమంటే తప్పా?

సమాధానం: తప్పే. మనుషుల పేర్లకైతే ‘సత్యంకి చెప్పు’ లాంటివి వాడుకలో చెల్లుతున్నాయి. మామూలు నామవాచకాలకు నప్పవు. ధాన్యానికి, పుస్తకానికి లాగే వేలానికి. అయినా మాక్రో కోసం రైతుల రాత మార్చడమేమిటండీ? మాక్రోకిచ్చే మాట మార్చండి.

సున్నతో ముగిసే మాట లో, తో, గా ముందు అలాగే ఉంటుంది. ని, కి, లు చేరితే సున్న పోయి దీర్ఘం వస్తుంది: వేలాన్ని, వేలానికి, వేలాలు. మాక్రోకి వ్యాకరణం పట్టదు. వ, ఏత్వం, ల, సున్న అదే వరుసలో ఉన్నాయా లేదా, అంతే చూస్తుంది.

అలాగని సున్న కొట్టేసి ‘వేల’ అని ఇచ్చారో, ‘పది వేల కిలోలు’, ‘యాభై వేలు’ అన్నీ పసుపెక్కి మెయిలంతా పెళ్లికూతురిలా తయారవుతుంది. ‘వేలం’, ‘వేలాన’, ‘వేలాల’ అని మూడూ ఇవ్వండి. ‘వేలాన’ సగం మాటలా కనిపించినా వేలాన్ని, వేలానికి రెండూ అందులోనే దొరుకుతాయి. కంప్యూటర్‌కు గుడి, పొల్లు విడి గుర్తులు మరి. ఎవరైనా ‘వేలంవెర్రి’ అని రాస్తే దానికీ రంగు పడుతుంది. ధర ఎగబాకిన రోజున అదీ చూడాల్సిన మాటే!

మిగతా మాటలకూ ఇదే చిక్కు. పొగాకు మూటకు వాడే ‘బేలు’ ఒక్కటే ఇస్తే ‘బేళ్లు’ తప్పిపోతాయి. ‘బేళ్’ కూడా చేర్చండి, బేళ్ళు అని రాసేవాళ్లూ దొరుకుతారు. పొల్లు మాత్రం మరవకండి, ఉత్త ‘బేళ’కి కబేళా కూడా చిక్కుతుంది.

ఊళ్ల పేర్లకు చివరి ఉకారం తీసేయండి. ‘టంగుటూర’ అంటే టంగుటూరు, టంగుటూరి, టంగుటూర్లో మూడూ వస్తాయి. 1972లో జిల్లాకు తన పేరు వచ్చిన ప్రకాశం పంతులు గారి ఇంటిపేరూ పసుపెక్కుతుంది, అది భరించాలి.

మాక్రో రాసే చోట తెలుగు అక్షరాలు ప్రశ్నార్థకాలుగా మారిపోతుంటాయి. మాటల్ని యూనికోడ్ టెక్స్ట్ ఫైల్లో ఉంచి అక్కడి నుంచి చదివించమని మీ కుర్రాళ్లకు చెప్పండి.