జుట్టుకు బయోటిన్ (ఒక బి విటమిన్) మాత్ర వాడుతూ థైరాయిడ్ పరీక్ష చేయించుకోవచ్చా?

వద్దు, రక్తం ఇవ్వడానికి కనీసం 2 రోజుల ముందు ఆ మాత్ర ఆపండి. చాలా ల్యాబుల కిట్లలో హార్మోనును పట్టి ఉంచే కొక్కెం బయోటినే. రక్తంలో అది మరీ ఎక్కువైతే కొక్కెం తగలాల్సిన చోటును ముందే ఆక్రమిస్తుంది. దాంతో థైరాయిడ్ గ్రంథిని పనిచేయించే హార్మోను టీఎస్‌హెచ్ బాగా తక్కువగా, ఆ గ్రంథి చేసే హార్మోను టీ4 ఎక్కువగా కనిపిస్తాయి. మనిషికి రోజుకు 30 మైక్రోగ్రాముల బయోటిన్ చాలు. రాయగడలోనో పర్లాకిమిడిలోనో చీటీ లేకుండా ఇచ్చే జుట్టు మాత్రలో 10 మిల్లీగ్రాములుండటం మామూలే, అంటే 300 రెట్ల పైమాటే. పొద్దున్నే అది మింగి బరంపురం వెళ్లి రక్తమిస్తే, జబ్బు లేని మనిషికీ రిపోర్టు అచ్చం థైరాయిడ్ అతిగా పనిచేసే హైపర్‌థైరాయిడ్‌లా రావచ్చు.

పరగడుపున వెళ్తే చాలనుకుంటారు. తిండికీ దీనికీ సంబంధం లేదు. గుండెనొప్పితో వెళ్తే మాత్రం ఆగే వీలుండదు, గుండె దెబ్బతింటే రక్తంలో పెరిగే ట్రోపోనిన్‌ను కూడా పరీక్ష తప్పుగా తక్కువ చూపవచ్చు. మాత్ర సంగతి డాక్టరుకు వెంటనే చెప్పండి.