గ్లాక్ 43ఎక్స్‌కు ఏ హోల్‌స్టర్, నడుము మీద ఎక్కడ?

డాలస్‌లో ఆఫీసు పని, గ్రీన్‌కార్డు, కొత్త గ్లాక్ 43ఎక్స్ పిస్టల్, కుడిచేతి వాటం అన్నారు. చొక్కా కింద కనబడకుండా ఎలా అన్నదే మీ ప్రశ్న.

ముందు హోల్‌స్టర్, అంటే పిస్టల్ పెట్టుకునే ఒర సంగతి. సరిగ్గా మీ మోడల్‌కే అచ్చు వేసిన కైడెక్స్‌ది (గట్టి ప్లాస్టిక్), ప్యాంటు లోపల పెట్టుకునేది కొనండి. ట్రిగ్గర్ చుట్టూ ఉండే గార్డు దానిలో పూర్తిగా మూసుకోవాలి. తూటాలన్నీ తీసేసి, చాంబర్ (పేలబోయే తూటా కూర్చునే గది) ఖాళీగా ఉందని చూసుకుని, తలకిందులుగా ఊపినా పిస్టల్ జారకూడదు. అన్ని మోడళ్లకూ సరిపోతుందని అమ్మే గుడ్డ హోల్‌స్టర్లు వద్దు. అవి, అరిగి మెత్తబడిన తోలువి కూడా, పిస్టల్ తీయగానే మూతి దగ్గర ముడుచుకుంటాయి. తిరిగి పెట్టేటప్పుడు ఆ మడత ట్రిగ్గర్‌ను నొక్కితే గుండు పేలుతుంది.

చొక్కా మీద ఉబ్బెత్తుగా తేలేది బ్యారెల్ కాదు, పిడి. మామూలు బెల్టు బరువుకు వంగి పిడిని బయటికి వాల్చేస్తుంది కాబట్టి ఒకటిన్నర అంగుళాల గట్టి బెల్టు తప్పనిసరి. హోల్‌స్టర్‌కు క్లా (పక్కకు పొడుచుకొచ్చే చిన్న కొక్కెం) ఉంటే అది బెల్టుకు ఆనుకుని పిడిని ఒంటివైపు తిప్పుతుంది. కింది భాగంలో ఫోమ్ వెడ్జ్ (మెత్తటి చీలిక ముక్క) అంటిస్తే పైభాగం పొట్టకు ఆనుతుంది.

స్థానాన్ని గడియారం లెక్కన చెబుతారు, బొడ్డు 12, కుడి తుంటి 3. కారులోనూ కుర్చీలోనూ ఎక్కువసేపు కూర్చునేవారికి నా ఓటు ఒంటిగంటకే: కంటికి కనిపిస్తుంది, చేతికి అందుతుంది. పొట్ట అడ్డొస్తే, పిడిని కాస్త ముందుకు వంచి 4 దగ్గర పెట్టుకోండి. అయితే ముందుకు వంగినప్పుడు పిడి తేలుతుంది, కారులో సీటు వీపు, సీటుబెల్టు అడ్డుపడతాయి. 6 మాత్రం వద్దే వద్దు, వెల్లకిలా పడితే దెబ్బ నేరుగా వెన్నెముకకే.

ఒంటిగంట స్థానంలో బ్యారెల్ మూతి తొడ రక్తనాళం వైపు ఉంటుంది. అందుకే లోపల పెట్టేటప్పుడు ఎడమచేత్తో చొక్కా పూర్తిగా ఎత్తిపట్టి, నడుము ముందుకు తోసి, చూస్తూ, నిదానంగా పెట్టాలి. తొందర అక్కర్లేని పని అది. జాకెట్ తాళ్లు ట్రిగ్గర్ గార్డులో ఇరుక్కోకుండా చూసుకోండి.

ఇంట్లో హెచ్-1బీ మీద ఉన్నవాళ్లుంటే వాళ్ల చేతికి ఇవ్వకండి. హంటింగ్ లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులు తప్ప ఫెడరల్ చట్టం వాళ్లకు తుపాకీని నిషేధిస్తుంది. లైసెన్సు లేకుండా తుపాకీతో తిరగనిచ్చే 2021 నాటి టెక్సాస్ చట్టం దీన్ని మార్చదు.

హోల్‌స్టర్ క్లిప్పు స్క్రూలు వదులవుతుంటాయి, నీలం లాక్‌టైట్ (స్క్రూలు కదలకుండా పట్టే జిగురు) ఒక చుక్క వేయండి. రాత్రి పిస్టల్‌ను హోల్‌స్టర్‌తో సహా తీసి సేఫ్‌లో పెట్టండి. రోజూ చాంబర్ ఖాళీ చేసి అదే తూటాను మళ్లీ ఎక్కిస్తుంటే తూటా కొసనున్న గుండు దాని కేసులోకి (లోహపు గొట్టంలోకి) దిగబడి, పేలినప్పుడు ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. కొత్త తూటా పక్కన నిలబెట్టి చూడండి, పొట్టిగా కనిపిస్తే దాన్ని వాడకండి.