ఎప్పుడూ కుట్లు, అల్లికలే! ఏ చదువులో చేర్చాలి?

ప్రశ్న: మాది పశ్చిమ గోదావరి జిల్లా. మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం, ఎంపీసీ. మార్కులకు లోటు లేదు. కాలేజీ నుంచి రాగానే దారపు ఉండో, కుట్టుమిషనో పట్టుకుని కూర్చుంటుంది. క్రోషేతో బొమ్మలు, సంచులు అల్లుతుంది. వేసవి సెలవుల్లో వాళ్ల నానమ్మతో కలిసి పాత చీరలతో బొంత కూడా కుట్టింది. వాళ్ల నాన్నగారు ఇంజినీరింగే చదవాలంటున్నారు. మా చెల్లెలేమో ఫ్యాషన్ డిజైనింగ్‌లో చేర్చమంటోంది. ఆన్‌లైన్‌లో అమ్మితే బోలెడు డబ్బు వస్తుందని ఇరుగుపొరుగు అంటున్నారు. ఈ పని మాన్పించాలా, లేక ఇదే దారిలో పంపించాలా? కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్ కొనిపెట్టమని అడుగుతోంది, కొనవచ్చా?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, మాన్పించవద్దు. అలాగని చేయి చక్కగా తిరుగుతోంది కాబట్టి డిజైనర్ అయి తీరుతుందని ఇప్పుడే తీర్మానించవద్దు. మీ ఉత్తరంలో నాన్నగారి మాట ఉంది, చెల్లెలి మాట ఉంది, ఇరుగుపొరుగు మాట ఉంది. మిషన్ కొనమనడం తప్ప అమ్మాయి ఏమంటోందో మాత్రం లేదు. నేను చెప్పబోయేదంతా చదివాక ముందు ఆమెతో మాట్లాడండి.

డబ్బు సంగతి మొదట తేల్చుకుందాం, ఎందుకంటే ఎక్కువ మంది తల్లిదండ్రులు తప్పుదారి పట్టేది అక్కడే. మీ జిల్లాలోనే నరసాపురం ఉంది. 19వ శతాబ్దంలో స్కాట్లాండ్ మిషనరీలు నేర్పిన క్రోషే లేసు ఆ చుట్టుపక్కల పల్లెల్లో ఇంటింటి పనిగా మారింది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు (జీఐ), అంటే ఆ ప్రాంతపు ప్రత్యేక సరుకన్న అధికారిక ముద్ర కూడా దక్కింది. అక్కడ లేసు అల్లేవారు వేరు, ముక్కలన్నీ కలిపి అతుకు పని చేసేవారు వేరు, సరుకు ఎగుమతి చేసేవారు వేరు. అల్లే చేతికి ముక్క లెక్కన కూలి. జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ 1970ల చివర్లో అక్కడి ఆడవాళ్ల పనిని దగ్గరగా పరిశీలించి, 1982లో పుస్తకం వెలువరించారు. గృహిణులు తీరిక వేళల్లో చేసుకునే పనిగా దాన్ని అందరూ లెక్కగట్టడం వల్లే కూలి అంత తక్కువలో నిలిచిపోయిందని ఆమె తేల్చారు. రోజులో చాలా గంటలు ఆ పనికే పోతున్నా అది పనిగా లెక్కకు రాలేదు. మీ కుటుంబంలోనో, బంధువుల్లోనో లేసు అల్లిన పెద్దావిడ ఉంటే అమ్మాయిని ఒకరోజు ఆమె దగ్గర కూర్చోబెట్టండి. ఎంత దారానికి ఎంత ఇచ్చేవారో, సరుకు ఎన్నాళ్లకు తీసుకెళ్లేవారో అడగమనండి. నా సలహాకంటే ఆ సంభాషణ ఎక్కువ పనిచేస్తుంది.

క్రోషేకు మరో చిక్కు కూడా ఉంది. స్వెటర్లు అల్లడానికి యంత్రాలున్నాయి. అసలైన క్రోషేను మాత్రం కార్ఖానా స్థాయిలో అల్లే యంత్రం ఇప్పటికీ లేదు. అంటే దుకాణంలో చవకగా వేలాడుతున్న క్రోషే సంచి కూడా ఎక్కడో ఎవరో చేత్తో అల్లిందే. మీ అమ్మాయి పోటీ పడవలసింది ఆ కూలితో. ఒక చిన్న లెక్క వేద్దాం. కుందేలు బొమ్మకు దారం, దూది కలిపి 120 రూపాయలు, పని ఎనిమిది గంటలు అనుకోండి. 500 రూపాయలకు అమ్మితే, పెట్టె, కొరియర్‌లకు 60 పోగా మిగిలేది 320. గంటకు 40 రూపాయలు. అది కూడా కొన్నవారు బేరమాడకపోతే, వచ్చిన బొమ్మను తిప్పి పంపకపోతే. ఇక ప్రసిద్ధ కార్టూన్ పాత్రల రూపాలు అల్లి అమ్మడం చాలామంది చేస్తున్నారు కానీ, వాటి హక్కులు వేరేవాళ్లవి. ఇంట్లో ఆడుకోవడానికి, స్నేహితురాలికి పుట్టినరోజు కానుకగా ఇవ్వడానికి ఇబ్బంది లేదు, వ్యాపారంగా మాత్రం వద్దు.

మీ ఇంట్లో ఉన్న మూడు పనుల్లో కూడుపెట్టేది మిషన్ కుట్టు. కారణం ఒక్కటే, కొలత. లైనింగ్ జాకెట్ భుజం దగ్గర జారకుండా, చంక దగ్గర పట్టకుండా కుదిరితే, దాని కోసం రెట్టింపు కూలి ఇచ్చి మరీ వారం రోజులు ఎదురుచూస్తారు. అక్కడ డబ్బు కుట్టుకు కాదు, కత్తిరింపుకు. ఒంటిని చూసి గుడ్డ మీద గీత గీయగల తెలివికి. ఈ రంగంలో బాగా సంపాదిస్తున్నవారిని గమనించండి. ప్యాటర్న్, అంటే గుడ్డ కత్తిరించడానికి కొలతల ప్రకారం గీసే కాగితపు అచ్చు తయారుచేసేవారు, నమూనాలు రూపొందించేవారు, ఉత్పత్తి నడిపేవారు, ఇతరులకు నేర్పేవారు కనిపిస్తారు. వేలాది ముక్కలు స్వయంగా అల్లి ధనవంతులైనవారు కనిపించరు. అందుకే ఈ దారిలో పంపదలచుకుంటే చేతి వేగాన్ని పెంచే శిక్షణ కాకుండా, విషయ జ్ఞానాన్ని ఇచ్చే చదువు చూడాలి. నేను చెప్పదలచుకున్న అసలు మాట ఇదే.

బొంత సంగతి వేరు. నాలుగైదు పాత నూలు చీరలు మడతలు పరిచి, అంచులు పట్టి, రోజుల తరబడి కుట్టే బొంతను అమ్మకపు సరుకుగా చూడటం నాకు నచ్చదు. చీరలు మీవి, సమయం మీది, కప్పుకునేది మీ పిల్లలు. అది అలాగే ఉండనివ్వండి. పైగా ఇప్పుడు ఇళ్లలో నూలు చీరలే తక్కువ. పాలిస్టర్ చీరలతో కుడితే సూది సరిగా దిగదు, చెమట పీల్చదు, పొరలు ఒకదాని మీద మరొకటి జారిపోతాయి.

ఇక అమ్మాయిలో ఉన్నది కాలక్షేపమా, వృత్తికి పనికొచ్చే గుణమా అన్నది ఎలా తెలుసుకోవాలి? ఆమె చేసిన వస్తువును తిరగవేసి చూడండి. పైభాగం ఎవరైనా అందంగా తెస్తారు. వెనుక దారపు కొసలు లోపలికి దూర్చి ఉన్నాయా, ముడి వేసి వేలాడుతున్నాయా? సంచి మూల మడత సమంగా ఉందా? క్రోషేలో కొత్తవాళ్లు ప్రతి వరుస చివరా ఒక కుట్టు వదిలేస్తుంటారు. చతురస్రంగా మొదలైన ముక్క పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది. అది ఆమె ఎప్పుడు గమనిస్తుంది? గమనించాక సర్దుకుపోతుందా, పది వరుసలు విప్పేసి మళ్లీ మొదలుపెడుతుందా? విప్పే పిల్ల అయితే నేను కొంచెం ముందుకు వంగి వింటాను. అలాగే గుండ్రంగా అల్లేటప్పుడు లెక్క ఎలా వేస్తోందో అడగండి. సింగిల్ క్రోషే అనే పొట్టి కుట్టులో ఆరు కుట్లతో మొదలుపెట్టి ప్రతి చుట్టుకూ ఆరు పెంచుతూ పోతే, అంటే 6, 12, 18, 24 అలా, బల్లపరుపు చక్రం వస్తుంది. పెంచడం తగ్గిస్తే గిన్నెలా ముడుచుకుంటుంది, ఎక్కువైతే అంచు కుచ్చులు పడుతుంది. వీడియో చూసి చేయడం ఒక ఎత్తు. వీడియో లేకుండా తనకు కావలసిన ఆకారానికి ఆ లెక్క తానే కట్టుకోవడం మరో ఎత్తు. ఎంపీసీ పిల్ల కదా, వాళ్ల నాన్నగారికి ఈ సంగతి కూడా చెప్పండి, కాస్త మెత్తబడతారు.

ఆ తర్వాత ఒక చిన్న పరీక్ష పెట్టండి. మీ చెల్లెలి చేతనే ఆరు సంచులకు ఆర్డర్ ఇప్పించండి. ఆరూ ఒకే కొలత, ఒకే రంగు, ఫలానా తేదీకి అందాలి, గుడ్డ ఖర్చు ముందే రాసి ఇవ్వాలి. మూడో సంచికే విసుగొచ్చి పక్కన పడేస్తే అది సరదా పని, సరదాగానే ఉండనివ్వండి, అందులో తప్పేమీ లేదు. ఆరూ ఒకేసారి కత్తిరించి, పట్టీలన్నీ ముందు కుట్టి, గంటలు మిగుల్చుకుందంటే ఆ బుర్ర ఉత్పత్తి వైపు పనిచేస్తోందన్నమాట. చెప్పినట్టు చేయకుండా ప్రతి సంచికీ జేబు మార్చి, పిన్నితో వాదించి ఒప్పించిందంటే డిజైన్ చదువు గురించి గట్టిగా ఆలోచించవచ్చు. ఇంకో రకం కూడా ఉంటారు, సంచులు పూర్తయ్యేలోపు పక్కింటి ఇద్దరు పిల్లలకు కుట్టు నేర్పేసేవారు. వాళ్లను ఎవరూ పట్టించుకోరు, నా దృష్టిలో వాళ్లు మంచి టీచర్లవుతారు.

ఇప్పుడు చదువుల సంగతి. హైదరాబాద్ మాదాపూర్‌లో నిఫ్ట్ (జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ) ఉంది, 1995 నుంచి నడుస్తోంది. నాలుగేళ్ల బీడిజైన్‌కు ఇంటర్‌లో ఏ గ్రూపైనా సరే. ఫ్యాషన్ డిజైన్ ఒక్కటే కాదు, టెక్స్‌టైల్ (వస్త్ర) డిజైన్, నిట్‌వేర్ (అల్లిక దుస్తుల) డిజైన్ కూడా ఉన్నాయి. దారం, అల్లిక ఇష్టపడే పిల్లలకు ఈ రెండూ ఫ్యాషన్ డిజైన్‌కంటే బాగా నప్పుతాయని నా అభిప్రాయం, కానీ అందరూ పేరు చూసి మొదటిదానికే ఎగబడతారు. ప్రవేశ పరీక్షలో ఊహను, బొమ్మ గీయడాన్ని పరీక్షించే పేపరు, లెక్కలు, ఇంగ్లిష్, తార్కికత పేపరు ఉంటాయి. ఆ తర్వాత సిట్యుయేషన్ టెస్ట్ పెడతారు. అందులో అక్కడ ఇచ్చిన సామగ్రితోనే నిర్ణీత సమయంలో ఒక నమూనా తయారుచేయాలి. మీ అమ్మాయి చేతులు అక్కడ అక్కరకొస్తాయి. బొమ్మ గీయడం మాత్రం ఇప్పటినుంచే రోజూ సాధన చేయాలి, అల్లిక వచ్చిన పిల్లలు చాలామంది పెన్సిల్ దగ్గర తడబడతారు.

ఇంజినీరింగే కావాలన్న నాన్నగారికి, అల్లికలు వదలని అమ్మాయికి రాజీ కుదిర్చే కోర్సు ఒకటి అదే నిఫ్ట్‌లో ఉంది, బీఎఫ్‌టెక్ (బ్యాచిలర్ ఆఫ్ ఫ్యాషన్ టెక్నాలజీ). దుస్తుల ఉత్పత్తికి సంబంధించినది, ఇంటర్‌లో గణితం చదివి ఉండాలి. జాకెట్‌లో ఒక్కో కుట్టుపనికి ఎంత సమయం పడుతుందో కొలిచి, దాన్నిబట్టి మనుషులనూ యంత్రాలనూ అమర్చడం వాళ్లు నేర్చుకునే పనుల్లో ఒకటి. అచ్యుతాపురంలో ఉన్నలాంటి పెద్ద దుస్తుల కర్మాగారాల్లో ఇటువంటి చదువు ఉన్నవారికి పని ఉంటుంది. జేఈఈ రాసే ఉద్దేశం ఉంటే ఐఐటీ ఢిల్లీలో, జలంధర్ ఎన్ఐటీలో టెక్స్‌టైల్ శాఖలు ఉన్నాయని తెలిసి ఉండటం మంచిది. అయితే అక్కడ నేర్పేది పీచు, నూలు, యంత్రాల శాస్త్రం. చేతిపని ఇష్టంతో చేరితే నిరాశే మిగులుతుంది.

మీకు దగ్గరలో గుంటూరు వద్ద ఎన్ఐడీ (జాతీయ డిజైన్ సంస్థ) ఆంధ్రప్రదేశ్ ఉంది, అక్కడ కూడా వస్త్ర, దుస్తుల డిజైన్ చదవవచ్చు. సీట్లు కొద్దిగానే ఉంటాయి, పోటీ గట్టిగా ఉంటుంది. ఈ రెండు సంస్థల దరఖాస్తులూ సాధారణంగా ఇంటర్ రెండో ఏడాది మధ్యలోనే, సంవత్సరం చివరి నెలల్లో వస్తాయి. ఈఏపీసెట్ లాగా ఇంటర్ పరీక్షల వేళకు వస్తాయిలే అనుకుని గడువు దాటబెట్టుకునేవారు ఏటా ఉంటారు.

ఖర్చు దాచను. నిఫ్ట్‌లో నాలుగేళ్లకు ఫీజులే పది లక్షలు దాటుతాయి, హాస్టల్ వేరు. కుటుంబ ఆదాయాన్నిబట్టి ఫీజు సాయం ఉంది, అడగాలి. చేతివృత్తివారికి, వారి పిల్లలకు ప్రత్యేక ప్రవేశ మార్గం కూడా ఉంది. ప్రభుత్వం ఇచ్చిన హస్తకళాకారుల గుర్తింపు కార్డు అడుగుతారు. మీలో ఎవరికైనా నిజంగా ఆ పని, ఆ కార్డు ఉంటే ఆ మార్గం చూడండి.

ఇక ఊరూరా వెలిసిన ప్రైవేటు ఫ్యాషన్ సంస్థలు. చేర్చే ముందు ఒక పని చేయండి. రిసెప్షన్‌లో పెట్టిన బొమ్మలకు తొడిగిన గౌన్లు చూడటం మాని, ప్యాటర్న్ గదికి తీసుకెళ్లమనండి. ఒక్కో విద్యార్థికి ఒక కత్తిరింపు బల్ల, పనిచేసే మిషన్ ఉన్నాయా? డిగ్రీ ఇచ్చేది ఏ విశ్వవిద్యాలయం? గతేడాది బయటికెళ్లినవారిలో ముగ్గురితో మాట్లాడించగలరా? నీళ్లు నమిలితే లేచి వచ్చేయండి.

ఏదీ తేలకపోతే మామూలు డిగ్రీలోనో, ఇంజినీరింగ్‌లోనో చేర్చండి. పక్కనే తక్కువ ఖర్చుతో ప్రభుత్వ టెక్నికల్ సర్టిఫికెట్ పరీక్షల్లో టైలరింగ్, ఎంబ్రాయిడరీ లోయర్, తర్వాత హయ్యర్ రాయించవచ్చు. ఆ పైన వేసవిలో 42 రోజుల టెక్నికల్ టీచర్స్ శిక్షణ ఉంటుంది. క్రాఫ్ట్ టీచర్ పోస్టుల నోటిఫికేషన్లకు ఈ సర్టిఫికెట్లు అడుగుతారు. ఆ నోటిఫికేషన్లు తరచుగా రావు, దాని మీదే ఆశ పెట్టుకోవద్దు.

పరీక్షల రోజుల్లో ఏం చేయాలన్నది మీరు అడగలేదు కానీ, అసలు గొడవ అక్కడే వస్తుందని నాకు తెలుసు. బొంత పరిస్తే గది మొత్తం ఆక్రమిస్తుంది, మిషన్ ముందు కూర్చుంటే ఒక్క మడత అనుకున్నది రెండు గంటలవుతుంది. ఆ రెండూ పరీక్షలయ్యేదాకా అటక మీదకు. క్రోషే మాత్రం ఉండనివ్వండి. వరుస మధ్యలో కూడా ఆ ఉచ్చుకు పిన్ను తగిలించి ఆపేయవచ్చు. చదువు మధ్య అరగంట అల్లుకుంటే తల తేలికపడుతుంది, ఫోన్ చేతిలో ఉండదు. రాత్రిపూట నల్ల దారం మాత్రం పట్టనివ్వకండి, కుట్టు కనబడక కళ్లు చిట్లించుకుంటారు.

మిషన్ సంగతి. కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్ ఇప్పుడు వద్దు. అందులో పువ్వు మిషన్ వేస్తుంది, అమ్మాయి బటన్ నొక్కుతుంది. ఇంట్లో ఉన్న తొక్కుడు మిషన్‌కే మెకానిక్‌ను పిలిపించి, నూనె వేయించి, బెల్టు మార్పించండి. మిగిలిన డబ్బుతో బట్టకు మాత్రమే వాడే మంచి కత్తెర, కొలత టేపు, చంక వంపులు గీసే స్కేలు, ఒక కట్ట బ్రౌన్ పేపరు కొనండి. మొదటి ప్యాటర్న్ మీ కొలతలకే గీసి, మీకే ఒక జాకెట్ కుట్టమనండి. భుజం దగ్గర కుదరకపోతే మొహమాటపడకుండా విప్పించండి.