నేను మాంసం మానేశాను, ఇంట్లో అందరికీ నామీద కోపం వచ్చింది

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. నాలుగు నెలల క్రితం మాంసం, చేపలు మానేశాను. పాలు, పెరుగు తీసుకుంటున్నాను, గుడ్డు సంగతి ఇంకా తేల్చుకోలేదు. జంతువులు పడే బాధ గురించి తెలుసుకున్నాక నాకు ముద్ద దిగడం లేదు. ఇంట్లో వంట నాదే. మిగతావాళ్ల కోసం ఇప్పటికీ మాంసం వండుతున్నాను, వండుతుంటే ఏడుపొస్తోంది. మావారికి ముక్క లేనిదే భోజనం చేసినట్టుండదు. 'అంటే మేమంతా పాపాత్ములమా?' అని దెప్పుతుంటారు. మాంసం తింటే క్యాన్సర్ వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పిందని నేనంటే, రెండు రోజులు మాట్లాడలేదు. ఈమధ్య నీరసంగా ఉంటోంది, అత్తగారు 'నే చెప్పలేదా' అంటున్నారు. 12 ఏళ్ల మా అమ్మాయి తనూ మానేస్తానంటోంది, దాన్ని నేనే చెడగొడుతున్నానట. పోయిన నెల బంధువుల ఇంట్లో మొహమాటానికి రెండు ముక్కలు తిన్నాను. అప్పటి నుంచి నామీద నాకే అసహ్యం. నేను తీసుకున్న నిర్ణయం తప్పా?

జవాబు: తప్పు కాదు. మీ కంచంలో ఏముండాలో నిర్ణయించుకునే హక్కు మీది. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అయితే మీ ఇంట్లో జరుగుతున్న గొడవ మాంసం గురించి మాత్రమే అని నాకనిపించడం లేదు. మీవారు అన్న ఆ 'పాపాత్ములు' అన్న మాట దగ్గరే అసలు బాధంతా ఉంది. ఇన్నేళ్లూ ఒకే గిన్నెలోంచి వడ్డించుకుని తిన్న మనిషి ఒకరోజు ఆ గిన్నె పక్కకు జరిపితే, ఎదుటివాళ్లకు 'నువ్వు తినేది తప్పు' అన్నట్టే వినిపిస్తుంది. మీరు నోరు తెరిచి ఆ మాట అనక్కర్లేదు. పైగా క్యాన్సర్ మాటతో దాదాపు అన్నంత పని చేశారు.

ఆ మాట సంగతి ముందు చూద్దాం, ఎందుకంటే అది సగమే నిజం. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ, ఉప్పు పట్టించి, పొగ పెట్టి, రసాయనాలు కలిపి నిల్వ చేసిన మాంసాన్ని క్యాన్సర్ కలిగించేవాటి జాబితాలో చేర్చింది. సాసేజ్, బేకన్ లాంటివన్నమాట. మేక, గొర్రె, పశువు, పంది మాంసాన్ని 'కలిగించే అవకాశం ఉంది' అన్న తర్వాతి వర్గంలో పెట్టింది. కోడిమాంసం, చేపలు ఆ వర్గీకరణలో లేవు. నిల్వ మాంసం రోజుకు 50 గ్రాముల చొప్పున తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందన్నారు. అంటే వందలో అయిదుగురికి వచ్చే చోట దాదాపు ఆరుగురికి వస్తుందని. తేలిగ్గా తీసుకోవాల్సిన విషయమేమీ కాదు, కానీ మీవారి కంచంలోని ముక్క చూపించి భయపెట్టడానికి పనికొచ్చే లెక్క కూడా కాదు. 'ఆరోజు నేను పూర్తిగా తెలుసుకోకుండా అన్నాను' అని ఆయనతో ఒక్కసారి చెప్పండి. మీరు మానేసింది జంతువుల మీద జాలితో. ఆ కారణం మీకు చాలు. దానికి ఆరోగ్యం సాకు తోడు తెచ్చుకున్నకొద్దీ వాదన పెరుగుతుందే తప్ప నమ్మకం పెరగదు.

ఇక్కడ మిమ్మల్ని ఒక ఇబ్బందికరమైన ప్రశ్న అడగాలి. వాళ్లు తినడం తప్పని మీ మనసులో నిజంగానే అనుకుంటున్నారా? జంతువును చంపడం తప్పని నమ్మిన మనిషికి, ఇంట్లోవాళ్లు దాన్నే ఇష్టంగా తింటుంటే లోపల ఏదో ఒకటి కలుక్కుమంటుంది. అది సహజం, దాచుకోవాల్సిన పనిలేదు. అయితే నాలుగు నెలల కిందటి వరకూ మీరూ తిన్నారు. అప్పుడు మీరు చెడ్డమనిషి కాదు, క్రూరురాలు కాదు. అదే మన్నన మీవారికీ ఇవ్వగలిగితే మీ గొంతు దానంతటదే మారుతుంది. 'నాకు తినాలనిపించడం లేదు, కారణం ఇది. మీరు తింటే మీమీద నాకు గౌరవం తగ్గదు' అని చెప్పండి. మనస్ఫూర్తిగా అనగలిగిన రోజునే చెప్పండి. పైపైన అంటే ఆయన ఇట్టే పసిగడతారు. భోజనాల దగ్గర మాత్రం ఈ మాటలు ఎత్తకండి. చేతిలో ముద్ద ఉన్నవాడికి ఏ నీతీ వినిపించదు, అవమానమే వినిపిస్తుంది.

వంట విషయానికొస్తే, ఏడుస్తూ వండటం ఆపేయండి. ఇది నా ఖచ్చితమైన అభిప్రాయం. పంటి బిగువున అన్నీ చేసిపెట్టి, లోపల కుమిలిపోయి, ఒకరోజు చిన్నమాటకు బద్దలవడం ఏ కాపురానికీ మంచిది కాదు. అదే సమయంలో ఆయనకు ఇష్టమైన తిండి ఇంట్లోకి రాకూడదనడమూ సబబు కాదు. ఈ మార్పు ఆయన కోరింది కాదు కదా. మధ్యేమార్గం ఉంది: మాంసం కావాలనుకున్న రోజున ఆయనో, అత్తగారో వండుకుంటారు, ఆ గిన్నెలు వాళ్లే కడుగుతారు. మిగిలిన వంట అందరికీ కలిపి మీరు చేస్తారు. ఆయనకు వంట రాకపోతే నేర్చుకోవచ్చు. వారంలో ఎన్ని రోజులు ఇలా అన్నది ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. మొదట్లో గొణుగుడు ఉంటుంది. ఉండనివ్వండి.

బంధువుల ఇంట్లో తిన్న ఆ రెండు ముక్కల గురించి రాస్తూ 'అసహ్యం' అన్నారు. నన్ను ఎక్కువ కలవరపెట్టిన మాట అదే. దశాబ్దాల అలవాటును మార్చుకునే మనిషి ఒకసారి మొహమాటపడితే నిర్ణయం మట్టిలో కలిసిపోదు. మళ్లీ పూట నుంచి మామూలుగా కొనసాగించారుగా, అంతే. ఈసారి ఎవరైనా పిలిస్తే ముందురోజే ఫోన్ చేసి 'నేను మాంసం మానేశాను, నాకోసం ప్రత్యేకంగా ఏమీ చేయొద్దు, ఉన్నదాంట్లో తింటాను' అనండి. వడ్డించేటప్పుడు చెబితే వాళ్లకూ ఇబ్బంది, మీకూ ఇబ్బంది. గుడ్డు సంగతి ఇప్పుడే తేల్చాల్సిన తొందరేం లేదు.

ఇప్పుడు నీరసం. దీన్ని అత్తగారితో వాదించి తేల్చలేరు, రక్తపరీక్ష చేయించుకునే తేల్చాలి. హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పేది), విటమిన్ బి12, థైరాయిడ్ చూడమని డాక్టర్ని అడగండి. నాలుగు నెలల్లో కేవలం మాంసం మానడం వల్ల బి12 అడుగంటడం అరుదు. ఆరోగ్యవంతుల కాలేయంలో అది కొన్నేళ్లకు సరిపడా నిల్వ ఉంటుంది. అందుకే లోపం మొదలైనా చాలాకాలం బయటపడదు. బయటపడేసరికి అరికాళ్లలో తిమ్మిర్లు, నాలుక మంట, మతిమరుపు దాకా వెళ్లొచ్చు. మొక్కల నుంచి వచ్చే ఆహారంలో ఈ విటమిన్ నమ్మదగినంత దొరకదు. పాలు, పెరుగుతో కొంత వస్తుంది. పెద్దవాళ్లకు రోజుకు కావాల్సింది సుమారు 2.4 మైక్రోగ్రాములే అయినా, మీకు వచ్చేది సరిపోతోందో లేదో పరీక్షలో చూసి, మాత్ర అవసరమా అని డాక్టర్నే అడగండి. షుగరుకు మెట్‌ఫార్మిన్ గానీ, ఎసిడిటీకి రోజూ మాత్రలు గానీ వాడుతుంటే తప్పక చెప్పండి, అవి బి12 ఒంటికి పట్టడాన్ని తగ్గిస్తాయి.

నా అనుమానం మాత్రం వేరే చోట ఉంది. చాలామంది మాంసం తీసేస్తారు, ఆ ఖాళీలో ఏమీ పెట్టరు. అన్నం, కాస్త కూర, మజ్జిగతో కానిచ్చేస్తారు. పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకు 0.8 గ్రాముల పైచిలుకు ప్రొటీన్ కావాలి, 60 కిలోల మనిషికి దాదాపు 50 గ్రాములు. ఒక గుడ్డులో 6, పెద్ద గ్లాసు పాలలో 8, నిండు కప్పు చిక్కటి ఉడికిన పప్పులో 15 గ్రాములకు పైనే ఉంటుంది. పల్చటి పప్పు రెండు గరిటెలు వేసుకుంటే అందులో పావువంతు కూడా రాదు. సెనగలు, రాజ్మా, సోయా, వేరుశనగ లాంటివి రోజూ ఏదో ఒక పూట కంచంలో ఉండాలి. ఇవన్నీ ఒక్కసారిగా పెంచితే పొట్ట ఉబ్బరిస్తుంది, కాబట్టి నానబెట్టి, బాగా ఉడికించి, నెమ్మదిగా పెంచండి.

ఐరన్ కూడా అంతే. మొక్కల్లో ఉండే ఐరన్ మాంసంలోని ఐరన్ అంత తేలిగ్గా ఒంటికి పట్టదు. నెలసరి వస్తున్న ఆడవాళ్లకు ఆ లోటు త్వరగా తెలుస్తుంది. పప్పులు, ఆకుకూరలతోపాటు నిమ్మరసమో, పుల్లటి పండో తీసుకుంటే బాగా పడుతుంది. కాఫీ, టీలు భోజనానికి గంట ముందో, గంట తర్వాతో తాగండి. రిపోర్టు వచ్చాక అత్తగారికీ చూపించండి. లోపం ఉంటే ఉందని ఒప్పుకోండి, లేకపోతే గెలిచినట్టు మాట్లాడకండి. ఆవిడ మాటలో దెప్పిపొడుపు ఉంది, మీరు ఏమైపోతారోనన్న భయమూ ఉంది.

మీ అమ్మాయి సంగతి చివరికి ఉంచాను, నిజానికి అన్నిటికంటే జాగ్రత్తగా చూడాల్సింది ఇదే. తను మీ పక్షాన చేరిన సైనికురాలు కాకూడదు, మీవారికి మీమీద గెలవడానికి దొరికిన సాక్ష్యమూ కాకూడదు. ముందు తననే అడగండి, ఎందుకు మానాలనుకుంటున్నావని. మీలాగే జాలితో అయితే విని గౌరవించండి. అమ్మ బాధపడుతోందనో, నాన్న మీద కోపంతోనో అయితే ఆ మాట మాట్లాడాలి. సన్నబడటం కోసం, అద్దంలో చూసుకుని దిగులుపడి, మాంసంతోపాటు మిగతా తిండీ తగ్గిస్తుంటే ఆలస్యం చేయకుండా పిల్లల డాక్టర్ని కలవండి. ఈ వయసులో శాకాహారం పేరుతో తిండే తగ్గించుకునే పిల్లలు ఉంటారు.

అలాంటిదేమీ లేకపోతే తను కూడా ప్రయత్నించవచ్చు. ఎదిగే వయసు, నెలసరి మొదలయ్యే వయసు, కాబట్టి పాలు, పెరుగు తప్పనిసరిగా ఉండాలి. మీరు గుడ్డు తిన్నా మానినా తనకు గుడ్డు వద్దనకండి. ఎత్తు, బరువు, రక్తపరీక్ష డాక్టరు చూడాలి. ఆ రోజు డాక్టర్ దగ్గరికి మీరొక్కరే తీసుకెళ్లకండి, మీవారిని కూడా రమ్మనండి. కూతురు ఏం తినాలో, ఎంత తినాలో డాక్టరు నోటి నుంచి ఆయనే నేరుగా వినాలి, తన సందేహాలు తనే అడగాలి. 'దాన్ని చెడగొడుతున్నావు' అన్న మాట మీరెంత వాదించినా ఆగకపోవచ్చు. పిల్ల విషయంలో నిర్ణయం తనదీ అని ఆయనకు అనిపిస్తే ఆగే అవకాశం ఎక్కువ.