పీఆర్ ఏజెన్సీకి డబ్బు పెట్టొచ్చా? ముందు ఫోన్ ఎవరు ఎత్తుతారో తేల్చుకోండి

"బెంగళూరులో మాది చిన్న మెషినరీ కంపెనీ. పేపర్లలో వార్తలు వేయిస్తాం, వచ్చే ఎంక్వైరీల్లో పనికొచ్చే లీడ్స్ కూడా మేమే ఏరి ఇస్తాం అంటోంది ఒక పీఆర్ ఏజెన్సీ. నెలకు లక్ష అడుగుతున్నారు. పెట్టొచ్చా?" అని అడిగారు.

వార్త వేయించడం వరకు వాళ్లకు ఇవ్వండి. లీడ్స్ ఏరే పని, అంటే ఫోన్ చేసినవాళ్లలో నిజంగా కొనేవాళ్లెవరో తేల్చే పని, మాత్రం చచ్చినా బయటివాళ్ల చేతిలో పెట్టకండి. పేపర్లో వార్త ఏ భాషలో వచ్చిందో ఫోన్ కూడా ఆ భాషలోనే ఎత్తాలి, అదీ మెషిన్ సంగతి తెలిసిన మనిషి ఎత్తాలి. నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది.

మేం పీణ్య సెకండ్ స్టేజ్‌లో బల్క్ మిల్క్ కూలర్లు తయారు చేస్తాం. పల్లెల్లో పాల కేంద్రాల్లో పెట్టే స్టీలు ట్యాంకులు. పితికిన పాలను మూడు నాలుగు గంటల్లో 4 డిగ్రీలకు దించకపోతే ఎండాకాలంలో అవి డెయిరీ చేరేసరికి పులిసిపోతాయి. 2019లో ఒక ఏజెన్సీని పెట్టుకున్నాం. నెలకు లక్షా ఇరవై వేలు, దాని మీద 18 శాతం జీఎస్టీ. వాళ్లు రాసిన ప్రెస్ నోట్ నిండా "విప్లవాత్మకం", "అత్యాధునికం" అన్న మాటలే. ట్యాంకులో ఎన్ని లీటర్లు పడతాయో మాత్రం ఎక్కడా లేదు. ఒక తెలుగు పత్రిక విలేకరి ఆ నోట్ పక్కన పెట్టి నేరుగా నాకే ఫోన్ చేశాడు. "కరెంటు పోతే పాల సంగతేంటి సార్?" అన్నాడు. ఒకసారి చల్లబడిన పాలకు ట్యాంకు గోడల్లోని ఇన్సులేషన్ కొన్ని గంటలు కాపు కాస్తుంది, చల్లబడకముందే కరెంటు పోతే మాత్రం జనరేటర్ ఉండాల్సిందే అని ఉన్నదున్నట్టు చెప్పాను. అదే రాశాడు, ఫోటోతో సహా. ఆ ఒక్క ప్రశ్న ఏజెన్సీలో ఎవరూ అడగలేదు. నోట్ రాసేవాళ్లు ఒక్క పూట ఫ్యాక్టరీకి వచ్చి కూర్చోరు, అదే నా బాధ.

మూడు రోజుల్లో 186 ఫోన్లు వచ్చాయి. ఒప్పందం ప్రకారం అవన్నీ ఏజెన్సీ కాల్ సెంటర్‌కే వెళ్లాయి. వాళ్లు బ్యాంట్ పద్ధతిలో నాలుగు ప్రశ్నలు అడిగారు: బడ్జెట్ ఎంత, నిర్ణయం మీదేనా, అవసరం ఏంటి, ఎప్పటికి కావాలి. ఐబీఎంలో పుట్టిన పద్ధతి అది. పెద్ద కంపెనీలకు పెద్ద సరుకు అమ్మేచోట బాగానే పనిచేస్తుందేమో. వారం తర్వాత మాకు ఒక షీట్ పంపారు. హాట్, అంటే కొనేలా ఉన్నవాళ్లు 11, వార్మ్, అంటే కొనొచ్చేమో అనుకున్నవాళ్లు 38, మిగతావన్నీ కోల్డ్, అంటే కొనరని పక్కన పెట్టినవాళ్లు. ఆ పదకొండు మందితో నేనే మాట్లాడాను. నలుగురు డీలర్‌షిప్ కావాలన్నారు. ఒకరు కాలేజీ ప్రాజెక్టు చేస్తున్న కుర్రాడు. ఇద్దరు మా పోటీ కంపెనీ వాళ్లు, వాళ్లకు నాలుగు ప్రశ్నలకూ జవాబులు కంఠతా వచ్చు. మిగతా నలుగురూ కొటేషన్ తీసుకుని మళ్లీ పలకలేదు.

ఆదివారం ఫ్యాక్టరీలో ఎవరూ లేరు. ఊరికే కోల్డ్ లిస్ట్ తెరిచి చూస్తుంటే ఒక వరుస దగ్గర ఆగాను. పుంగనూరు దగ్గర పల్లె. బడ్జెట్ తెలియదు. నిర్ణయం తనది కాదు. ఇంగ్లిష్, హిందీ రావు. మాది మదనపల్లె. పక్క ఊరి పేరు చూసి ఆగలేక ఫోన్ చేశాను. ఒక పెద్దావిడ ఎత్తింది.

"పేపర్లో బొమ్మ చూసినా నాయనా. ఎవురో పాప ఫోన్ చేసి ఏందేందో అడిగింది, నాకు తెలీలా" అందామె.

"మీ దగ్గర రోజుకు పాలెన్నొస్తాయి పెద్దమ్మా?"

"రెండు పూటలా కలిపి పద్నాలుగు నూర్ల లీటర్లు. సందకాడ పాలే మాకు తిప్పలు. విరిగినాయని క్యాన్లు తిప్పి పంపిస్తాండారు."

రేటెంతో ఆమెకు తెలియదు, సంఘంలో అందరూ కూర్చుని మాట్లాడుకోవాలంది. ఆమె ఆ ఊరి పాల సంఘానికి అధ్యక్షురాలు. నలుగురినీ అడగనిదే సంతకం పెట్టదు. దాన్నే కాల్ సెంటర్ పాప "నిర్ణయం తనది కాదు" అని రాసింది. ఆ పాపదేం తప్పు లేదు, ఆమెకిచ్చిన ప్రశ్నలే అలాంటివి.

బుధవారం ముళబాగిలు, పలమనేరు మీదుగా వెళ్లాను. ఒక రేకుల షెడ్డు, క్యాన్లకు చుట్టిన తడి గోనెసంచులు. ఆమె లోపలికెళ్లి ఒక లాంగ్ నోటుబుక్ తెచ్చి చూపించింది. పాలు వెనక్కొచ్చిన రోజులకు ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి పెట్టారు. మార్చిలో పదకొండు సున్నాలు. ఒక్కో సున్నా పక్కన ఎన్ని లీటర్లు పోయాయో, ఎవరెవరి పాలో రాసి ఉంది. నా సర్వీసులో అంతకంటే పక్కా లీడ్ నేను చూడలేదు. పక్కనే పిండిమర ఉంది కాబట్టి ట్యాంకుకు కావాల్సిన త్రీఫేజ్ కరెంటుకు ఇబ్బంది లేదు. సంఘం వాళ్లు మూడు వారాల్లో తేల్చారు. రెండు వేల లీటర్ల ట్యాంకు, జనరేటర్‌తో కలిపి. ఆ ఏడాదిలోనే చుట్టుపక్కల మరో రెండు ఊళ్ల వాళ్లు కొన్నారు, ఆమె చెప్పబట్టే.

ఇక ఏజెన్సీ నెలాఖరు రిపోర్టు గురించి కూడా చెప్పాలి. వార్త వచ్చిన చోటును సెంటీమీటర్లలో కొలిచి, యాడ్ రేటుతో గుణించి, మీకు ఇన్ని లక్షల విలువ తెచ్చాం అని చూపించారు. ఈ లెక్క పీఆర్ విలువను చెప్పదని ఆ రంగం వాళ్లే 2010లో బార్సిలోనాలో కూర్చుని తీర్మానించుకున్నారు. అయినా ఇంకా అదే పట్టిక పట్టుకొస్తారు. మీకూ అలాంటిది చూపిస్తే ఒప్పుకోకండి. ఏ వార్త చూసి ఎన్ని ఫోన్లు వచ్చాయో రాసివ్వమనండి. ఒక్కో పత్రికకు ఒక్కో ఫోన్ నంబర్ ఇస్తే అదేం కష్టమైన పని కాదు.

ఆలస్యం కూడా చాలా నష్టం చేస్తుంది. 2011లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో అమెరికా కంపెనీల మీద ఒక పరిశీలన వచ్చింది. ఎంక్వైరీ అందిన గంటలోపు ఫోన్ చేసినవాళ్లకు, గంట దాటాక చేసినవాళ్లకంటే దాదాపు ఏడు రెట్లు ఎక్కువగా నిర్ణయం తీసుకునే మనిషితో మాట్లాడే అవకాశం దొరికిందట. మాకు షీట్ చేతికొచ్చేసరికే వారం అయింది. కోల్డ్‌లో ఉన్న మిగతావాళ్లకు తర్వాత నేను ఫోన్ చేస్తే కొందరు అప్పటికే వేరేచోట అడ్వాన్స్ ఇచ్చేశామన్నారు. ఆ రోజు పడ్డ బాధ ఇప్పటికీ ఉంది.

ఇప్పుడు మా ఫోన్లు మా సర్వీస్ టీంలో చేసిన ఒక అమ్మాయి ఎత్తుతుంది. తెలుగు, కన్నడ, తమిళం మూడూ వచ్చు, కంప్రెసర్ విప్పి బిగించడమూ వచ్చు. బడ్జెట్ మాట ఆఖరున తీస్తుంది. ముందు ఎన్ని లీటర్లు, ఇప్పుడు ఎవరికి పోస్తున్నారు, నెలలో ఎన్నిసార్లు వెనక్కొచ్చాయి అని అడుగుతుంది. ఏజెన్సీని మేం పూర్తిగా మానలేదు, వార్తల వరకే ఉంచుకున్నాం, ఫీజూ సగమైంది.

మీ మెషిన్ ఏంటో రాయలేదు. అది చెప్తే మొదటి ఫోన్‌లో ఏమేం అడగాలో నేనే రాసిస్తాను.